పిత్రార్జితపు షుగరు

కణేకుంట పెద్దాసుపత్రిలో మందులిచ్చే కిటికీ దగ్గర ఆ రోజు కుళ్లాయప్పను, యాభై నాలుగేళ్ల జీవితంలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటి అడిగారు.

“నీ షుగరు పిత్రార్జితమా, స్వార్జితమా?”

కుళ్లాయప్ప దర్జీ. బస్టాండు వెనక రేకుల కొట్లో కాలి మిషను పెట్టుకుని ముప్పయ్యేళ్లుగా ఊరి నడుములన్నీ కొలిచినవాడు. ఆరేళ్లుగా పొద్దునా మాపునా ఇన్సులిన్ వేసుకుంటేనే అతని చూపు నిలుస్తోంది, చూపు నిలిస్తేనే సూదిలోకి దారం ఎక్కుతోంది. నెలకోసారి ఈ కిటికీకి రావడం, ఫార్మసిస్టు పుష్పవేణి చేతి నుంచి బుడ్లు తీసుకోవడం, ఇంటికి పోయి తడి ఇసుక పోసిన కుండలో వాటిని చల్లగా దాచుకోవడం, ఇంతకు మించి అతనికి వైద్యశాస్త్రం తెలియదు.

“మా నాయన ఆస్తేం ఇడిసిపెట్టి పోలేదు మేడం,” అన్నాడు.

“ఆస్తి కాదప్పా, జబ్బు. కొత్త జీవో వచ్చింది. నీ షుగరు మీ పెద్దోళ్ల నుంచి వచ్చిందంటే మందిస్తాం. నువ్వే సంపాదించుకున్నావంటే ఇయ్యం. తాసీల్దారు ఆఫీసుకు పోయి పిత్రార్జితమని సర్టిఫికెట్టు తీసకరా.”

“ఇంట్లో పది దినాల మందే ఉండాది మేడం.”

“పది దినాలు శానా టైము,” అంది పుష్పవేణి. పద్దెనిమిదేళ్ల సర్వీసున్న మనిషి అయ్యుండీ ఆ మాట నమ్మకంగానే అంది.

ఈ జీవో ఎలా పుట్టిందో రెండు మాటలు చెప్పాలి. రాజధానిలో ఒక సదస్సు జరిగింది. జన్యుశాస్త్రం చదువుకున్న ఒకావిడ అందులో చక్కగా మాట్లాడింది. మన జబ్బుల్లో కొన్నింటికి పాత కథలున్నాయనీ, రెండు కాపీలైతే సికిల్ సెల్ అనే కొడవలి కణాల జబ్బు తెచ్చే జన్యువే ఒక కాపీ ఉన్నవాళ్లను మలేరియా బారి నుంచి కాపాడిందనీ, అందుకే తరతరాలుగా నిలిచి ఉందనీ చెప్పింది. దొరికిన తిండిని ఒంట్లో దాచుకునే గుణం కూడా కరువుల్లో మన ముత్తాతల్ని బతికించి ఉండొచ్చనీ, మూడు పూటలా తిండీ, కూర్చుని చేసే పనీ వచ్చాక ఆ గుణమే షుగరుగా తిరగబడుతోందేమోననీ అంది. చివర్లో, ఇది ఊహ మాత్రమేననీ, దీన్ని కాదనే శాస్త్రవేత్తలు ఉన్నారనీ, కారణం ఏదైనా రోగికి మందు మాత్రం ఆపకూడదనీ కూడా చెప్పింది. కానీ అప్పటికి ఒంటిగంటన్నర అయింది. అధికారులంతా భోజనాల హాల్లో ఉన్నారు.

వాళ్లలో డాక్టర్ పరాంకుశం ఒకరు. సగం ఉపన్యాసం విన్నవాడికి ఉండే ఉత్సాహం మొత్తం విన్నవాడికి ఉండదు. నెల తిరక్కుండా పూర్వీక వ్యాధుల విభాగం ఏర్పడింది, దానికి ఆయనే సంయుక్త సంచాలకులయ్యారు. ఆయనకూ షుగరుంది. ప్రారంభోత్సవం నాడు ఒకటో నంబరు పిత్రార్జిత ధ్రువపత్రం తన పేరనే రాయించుకుని, దాన్ని గుండెల మీద పట్టుకుని ఫొటో దిగారు. అది పేపర్లన్నిట్లోనూ పడింది. మన్యంలో కొడవలి కణాల రోగులున్న ఊళ్లకు దోమలు సరఫరా చేయడానికి టెండర్లు కూడా పిలిచారుగానీ, వచ్చిన దోమలు నాణ్యంగా లేవని రద్దు చేశారు.

తాసీల్దారు ఆఫీసులో కుళ్లాయప్ప మూడు రోజులు బెంచీ మీద కూర్చున్నాడు. నాలుగో రోజు భార్య సుంకమ్మను కూడా వెంటబెట్టుకుని వెళ్లాడు. అప్పటికి డిప్యూటీ తాసీల్దారు గారికి తీరిక దొరికింది.

“దరఖాస్తుదారుడి పూర్వీకుడు నూట యాభై ఏళ్ల కిందటి ధాత కరువులో పస్తున్నట్టు రుజువు జతపరచాలి,” అన్నాడాయన. “ఆ కాలం నాటివి మా దగ్గర రెండు జాబితాలున్నాయి. ఒకటి చనిపోయినవారిది, రెండోది గంజి కేంద్రంలో గంజి తాగినవారిది.”

“మా వాళ్ల పేరు చూడండి సార్ అందులో.”

“ఉంటే లాభం లేదు. చనిపోయినవారి జాబితాలో ఉంటే సదరు జన్యువు పనిచేయలేదని అర్థం. గంజి తాగినవారిలో ఉంటే పస్తు లేనట్టే. మీ పూర్వీకుడు పస్తుండాలి, గంజి తాగకూడదు, చావకూడదు.”

“అట్లాటోళ్ల పేర్లు ఏ లిస్టులో ఉంటాయి సార్?”

“అట్లాంటి జాబితా ప్రభుత్వం నిర్వహించలేదు,” అన్నాడు డిప్యూటీ, అదొక ఘనత అన్నట్టు.

అప్పుడు సుంకమ్మ కొంగు చాటు నుంచి చిన్న ఇత్తడి డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. అందులో నల్లగా, బిరుసుగా ఒక మొలతాడు ఉంది. కుళ్లాయప్ప అవ్వకు తాత అయిన భీమప్పది. పేరే భీమప్పగానీ కరువులో మనిషి చిక్కి చిక్కి, మొలతాడు జారిపోయినప్పుడల్లా కొంచెం లోపలికి మరో ముడి వేసుకున్నాడు. అట్లా ఏడు ముళ్లు పడ్డాయి. కుళ్లాయప్ప చిన్నప్పుడు అవ్వ అతన్ని పక్కలో వేసుకుని ఆ ముళ్లు ఒక్కొక్కటే తడిమించేది. ఈ ముడి నాటికి ఎద్దులు పోయినాయిరా, ఈ ముడికి తమ్ముడు పోయినాడు, ఈ ముడికి చంటిబిడ్డ పోయినాది అని చెప్పేది. ఏడో ముడి కాడికి వచ్చేసరికి వాన వచ్చేది. అప్పటిదాకా అతనికి నిద్ర పట్టేది కాదు.

కుళ్లాయప్ప మెడలోని టేపు తీసి ఏడో ముడి దాకా కొలిచాడు. ఇరవై ఒక్క అంగుళాలు. డిప్యూటీ కళ్లజోడు సర్దుకుని మరోసారి కొలిపించాడు.

“నడుము సరే. కానీ ఇది అవ్వ వైపు నుంచి వచ్చింది. ఆడవారి వైపు నుంచి హక్కు ఎలా సంక్రమిస్తుంది?”

“అదేంది సారూ,” అంది సుంకమ్మ, “ఆడబిడ్డలకు ఆస్తిలో పాలు ఇయ్యల్లంటాండారు గదా, రోగంలో ఇయ్యరా?”

డిప్యూటీ, ఆ వాదనలో చట్టం కనబడటంతో సంతకం పెట్టేశాడు. తర్వాత మొలతాడును ఫైలుకు కట్టి, ముడి మీద లక్క కరిగించి పోసి ముద్ర గుద్దాడు.

కుళ్లాయప్ప ఫైలు మీద చెయ్యి వేశాడు. “అది మా అవ్వది సార్. మళ్లీ ఇస్తారు గదా?”

“ఫైలు ముగిశాక ఇస్తాం.”

“ఎప్పటికి ముగుస్తాది సార్?”

ఆ రోజు మొదటిసారిగా డిప్యూటీ నవ్వాడు.

సర్టిఫికెట్టు చేతబట్టుకుని కుళ్లాయప్ప ఆసుపత్రికి పరుగున వచ్చేసరికి ఎదురుగా షామియానా, కుర్చీలు, మైకు కనబడ్డాయి. కుండలో ఇంకా ఆరు రోజుల మందుంది. డాక్టర్ పరాంకుశం గారు స్వయంగా వేదిక మీద ఉన్నారు. ఎర్రగా, నిండుగా, బొజ్జ మీద పూలదండ జారకుండా నిలబడేంత ఆరోగ్యంగా ఉన్నారు.

“వ్యాధిగ్రస్త సోదర సోదరీమణులారా!” అన్నారాయన. “మీ జన్యువులు నూట యాభై ఏళ్లుగా కరువు కోసం విధి నిర్వహణలో వేచి ఉన్నాయి. ఎదురుచూసిన కరువు సకాలంలో రానందున సదరు జన్యువులు మనస్తాపానికి గురై, షుగరు రూపేణా తమ నిరసన తెలియజేస్తున్నాయి. వాటి న్యాయమైన కోరికను ప్రభుత్వం సానుభూతితో పరిశీలించింది. కావున నేటి నుండి పిత్రార్జిత రోగులకు ఇన్సులిన్ నిలిపివేసి, దాని స్థానే కరువును సరఫరా చేయడమైనది. స్వార్జిత రోగుల జన్యువులకు ఎట్టి కోరికలూ లేనందున, వారికి మాత్రం ఇన్సులిన్ ఇవ్వబడును!”

చప్పట్లు మోగాయి. కుళ్లాయప్ప మాత్రం సర్టిఫికెట్టు వంక చూసి నోరు వెళ్లబెట్టాడు. పోయిన వారం మందు ఇప్పించే కాగితమే ఈ వారం మందు ఆపే కాగితమైంది. వెనక్కి ఇచ్చేద్దామని కిటికీ దగ్గరికి పోతే, అది జన్మాంతం చెల్లుతుందని చెప్పారు.

కరువు సరఫరా చేయడం కూడా అంత తేలికేం కాదు. పదేళ్లలో ఎన్నడూ లేనట్టు ఆ ఏడే వానలు బాగా కురిశాయి. కణేకుంట మండలం కరువు జాబితాలో లేదు. కరువు లేని చోట కరువు వార్డు పెడితే ఆడిటు అభ్యంతరం వస్తుంది. అందుకని పైనుంచి ప్రత్యేక ఉత్తర్వు తెప్పించారు. తూర్పున ఎక్స్‌రే గది, పడమర మరుగుదొడ్లు, ఉత్తరాన వంటశాల గోడ, దక్షిణాన స్కూటర్ల షెడ్డు చెక్కుబందీగా గల నాలుగో వార్డును మాత్రమే కరువు ప్రాంతంగా ప్రకటించారు.

కరువును పరిశీలించడానికి ఒక బృందం కూడా వచ్చింది. వార్డు కిటికీ బయట వేపచెట్టు పచ్చగా ఉందని బృందం పెద్ద పెదవి విరిచాడు. మర్నాటికల్లా వార్డుబాయిలు ఆకులన్నీ దూశారు. పైకప్పు నుంచి నీళ్లు కారుతున్న చోట బకెట్టు పెడితే, అది జలవనరు కిందికి వస్తుందని తీసేయించారు.

రోగులకు మధ్యాహ్నం ఒక గరిటె కొర్ర గంజి పోసేవారు. పొద్దున మార్చురీ వెనక చెరువు తవ్వాలి. సాయంత్రం ఆ చెరువునే పూడ్చాలి. చెరువు పూర్తయితే నీళ్లు నిలిచి కరువు చెడిపోతుందని ఇంజనీరు నివేదిక ఇచ్చాడు. జబ్బు తేలిగ్గా ఉన్న నలుగురైదుగురికి ఒళ్లు వంచి పనిచేసేసరికి షుగరు కాస్త దిగింది. జన్యువులు శాంతిస్తున్నాయని పేపర్లో వేయించారు.

కుళ్లాయప్ప జన్యువులు శాంతించలేదు. గడ్డపారతో పొద్దంతా తవ్వినా రీడింగు నాలుగు వందలు దిగడం లేదు. వార్డు నుంచి దొంగచాటుగా ఇంటికి పోయి కుండలోని బుడ్డి తీసి, పది గీతలు పెట్టుకోవాల్సిన చోట అయిదు గీతలు పెట్టుకునేవాడు. మూడో రోజుకు కళ్ల ముందు పొగ కమ్మింది. పుష్పవేణి అతని చీటీ చూసి చుట్టుపక్కల ఎవరూ లేరని నిర్ధారించుకుంది.

“నీకు సూది లేకుంటే కుదరదప్పా. కండ్లు పోతాయి, ఆనక కాలు పోతాది. ఎట్లనన్నా చేసి స్వార్జితం చేయించుకో.”

“ఎట్ల మేడం? సర్టిఫికెట్టు జన్మాంతం అంటిరి గదా.”

“మీ పెద్దోళ్లు బాగా తిన్నోళ్లని సాక్ష్యం తెస్తే కమిటీ మళ్లా చూస్తాది. సాక్ష్యమంటే అదే, ఏదో ఒకటి. నాకు తెలీదు, నేను చెప్పలేదు.”

కుళ్లాయప్ప కొట్టుకొచ్చి మిషను ముందు కూర్చున్నాడు. అతనికి వచ్చిన విద్య ఒకటే. ఏళ్ల కిందట బ్యాండుమేళం వాళ్లు కొలతలిచ్చి మళ్లీ రాకుండా పోయిన మందపాటి గుడ్డ అటక మీద ఉంది. దాన్ని దింపి దులిపాడు. తాతల కాలం నాటి పొడుగు కోటు గీశాడు. నడుము కాడ సుద్ద ముక్క ఆపి ఆలోచించి, యాభై రెండు అని రాశాడు. మనిషి నడుముగా కాక గోనెసంచి నడుముగా కనబడింది అది. దారం సుంకమ్మ ఎక్కించి ఇచ్చింది, అతనికి సూది బెజ్జం కనబడలేదు. కోటు కుట్టాక చిక్కటి టీ డికాక్షన్‌లో ముంచి, ఎండకేసి, మోచేతుల దగ్గర ఇటుకరాయితో రుద్దాడు. రెండు రోజుల్లో దానికి నూట యాభై ఏళ్లు వచ్చాయి.

“ఎవురిదని చెప్తావు?” అంది సుంకమ్మ.

“భీమప్ప తాతదని.”

అతనే మళ్లీ అన్నాడు. “అవ్వ బతికుంటే ఈ కత్తెరతోనే నా నాలిక కోసుండు. తమ్ముడూ బిడ్డా తిండి లేక పోతే చూసినోడు, సుంకీ. ఆయప్పకు బొజ్జ కుట్టినా నేను.” అతనికి ఏడుపొచ్చింది. కోటు కాలరుతోనే కళ్లు తుడుచుకుంటే టీ రంగు మొహానికి అంటింది.

నాలుగైదు రోజులకు పిలుపొచ్చింది. కమిటీలో పరాంకుశం గారూ, డిప్యూటీ తాసీల్దారూ కూర్చున్నారు. కుండలో అప్పటికి ఒక్క రోజు మందు మిగిలింది. కోటును బల్ల మీద పరిస్తే బల్ల చాలలేదు. పరాంకుశం గారు దాని చుట్టూ ఒకసారి ప్రదక్షిణం చేసి, కాలరు వాసన చూశారు.

“అప్పట్లోనే టీ తాగేవారన్నమాట. సంపన్న కుటుంబం,” అన్నారు.

కొలిచారు. యాభై రెండు. ఈ నడుముకు కరువు తగిలిన దాఖలాలు కనబడటం లేదని రాసుకున్నారు. మా వంశంలో ఎవరూ ఎన్నడూ పస్తుండి ఎరగరు అనే అఫిడవిట్టు మీద కుళ్లాయప్ప చేత సంతకం పెట్టించారు. పెట్టేటప్పుడు అతను కాగితం వంక చూడలేదు. చూసినా కనబడేది కాదు.

ఇక స్వార్జితం అని ముద్ర వేయబోతుండగా, డిప్యూటీ నియమం ప్రకారం పాత ఫైలు తెప్పించాడు. దాంట్లోంచి లక్క ముద్రతో సహా మొలతాడు వేలాడింది.

“సదరు భీమప్ప నడుము ఇక్కడ ఇరవై ఒకటి. అక్కడ యాభై రెండు,” అన్నాడు.

దొంగ సాక్ష్యం కింద జైలే అనుకున్నాడు కుళ్లాయప్ప. కానీ ప్రభుత్వ సాక్ష్యాలు రెండూ నిజాలే అయ్యుండాలి గనుక, పరాంకుశం గారికి అట్లాంటి అనుమానమేమీ రాలేదు. జేబులోంచి కాలిక్యులేటరు తీశారు.

“సగటు ముప్పై ఆరున్నర. శుభ్రమైన నడుము! పూర్వీకుడు సగటున సంపూర్ణ ఆరోగ్యవంతుడు. అట్టివాని నుండి వ్యాధి సంక్రమించే అవకాశం లేదు. కనుక పిత్రార్జితం కాదు. ఇక పూర్వీకుడు సగటు నడుము గలవాడైన పక్షంలో, స్వార్జితం కావాలంటే దరఖాస్తుదారుడు అంతకంటే లావై ఉండాలి. నీ నడుమెంతయ్యా?”

“ముప్పై సార్.”

“అదీ కాదు. కావున దరఖాస్తుదారుడికి షుగరు లేదని ఇందుమూలముగా నిర్ధారించడమైనది. అభినందనలు.”

“సార్, పొద్దున చూస్తే నాలుగొందల ఇరవై ఉండాది సార్!”

“అది రీడింగు. ఇది నిర్ధారణ,” అన్నారు పరాంకుశం గారు చాలా ఓపికగా. లేని జబ్బుకు మంచం ఇవ్వకూడదు గనుక కరువు వార్డులో అతని పేరు కూడా కొట్టేశారు.

మరుసటి రోజు మధ్యాహ్నం కుళ్లాయప్ప ఖాళీ బుడ్డి పక్కన పెట్టుకుని కొట్లో సుంకమ్మతో కూర్చుని ఉండగా, ఎదురుగా జీపు ఆగింది. దిగిన ఆకారం మసగ్గా ఉందిగానీ, ముప్పయ్యేళ్లుగా నడుములు కొలిచిన కంటికి ఆ నడుము మసకలోనూ తెలిసింది.

“కుళ్లాయప్పంటే నువ్వేగా?” అన్నారు పరాంకుశం గారు. లోపలికొచ్చి, స్టూలు మీద కూర్చుని, తలుపు దగ్గరకు వేశారు. “ఒక చిన్న పరిపాలనాపరమైన అవసరం మీద వచ్చాను.”

అవసరం చిన్నది కాదు. కణేకుంట కరువు చూసి రాజధాని మురిసిపోయింది. పిత్రార్జిత ధ్రువపత్రం ఉన్న ప్రతి ఒక్కరూ హోదాతో నిమిత్తం లేకుండా నలభై రోజులు కరువు వార్డులో చేరాలనీ, ధ్రువపత్రాల వరుసక్రమంలోనే చేరాలనీ తాఖీదు వచ్చింది. వరుసలో ఒకటో నంబరు ఎవరిదో రాష్ట్రమంతా పేపర్లో చూసింది.

“నలభై రోజులు గంజి! ఇన్సులిన్ లేకుండా! గడ్డపార!” పరాంకుశం గారి గొంతులో ఆఫీసు భాష అంతటితో అయిపోయింది. “నేను చచ్చిపోతానయ్యా.”

అతని మీద కుళ్లాయప్పకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆ పెద్దమనిషి మాటలో చావు భయం వినబడుతోంది. ఆ భయం కుళ్లాయప్పకు బాగా తెలుసు, తనకూ పొద్దున్నుంచి అదే.

“నాకూ అట్లే ఉండాది సార్,” అన్నాడు.

“ఆ కోటు నువ్వు కుట్టిందేనని నాకు ఇప్పుడు అర్థమైంది. నాకూ ఒకటి కావాలి. మా ముత్తాతది.”

“కుడతా సార్. కానీ నాకు కండ్లు కనిపీయల్ల గదా. మీ ఆఫీసు ఫ్రిజ్జులో ఉండేది ఒక బుడ్డి ఇప్పుడే తెప్పీయండి. ఇంకొకటి, నా ఫైల్లోనుంచి మా అవ్వ మొలతాడు తీసి ఇచ్చేయల్ల. మొలతాడు లేకుంటే ఇంక మిగిలేది కోటే గదా. సగటు యాభై రెండు. నాకు స్వార్జితమని ముద్రేసి, నెలనెలా నా మందు నాకు ఇయ్యల్ల.”

పరాంకుశం గారు కాలిక్యులేటరు తీయకుండానే ఆ లెక్క ఒప్పుకున్నారు. జీపు వెళ్లి, అరగంటలో బుడ్డీ మొలతాడూ తెచ్చింది. సుంకమ్మ బుడ్డి అందుకుని కొంగుతో తుడిచి, అక్కడికక్కడే మొగుడికి సూది వేసింది. సాయంత్రానికి ఒంట్లోకి కాస్త ఓపిక వచ్చింది. మర్నాడు పరాంకుశం గారు మళ్లీ వచ్చి నిలబడ్డారు, కుళ్లాయప్ప మెడలోంచి టేపు తీశాడు.

“మీ ముత్తాతకు నడుము ఎంత పెట్టమంటారు సార్?”

“ఎంత పెడితే ఇన్సులిన్ ఇస్తారో అంత పెట్టవయ్యా.”

ఆ తర్వాత కుళ్లాయప్ప కొట్టు ముందు వరస కట్టారు. నాలుగో వార్డు వాళ్లంతా తలా ఒక ముత్తాతను కుట్టించుకున్నారు. ఊళ్లో టీపొడి దొరకలేదు. వార్డు ఖాళీ అయింది, పుష్పవేణి కిటికీ వాళ్లకు మళ్లీ తెరుచుకుంది. సంవత్సరాంతంలో విభాగం అచ్చేసిన నివేదికలో, లభించిన వస్త్రాధారాలను బట్టి కణేకుంట ప్రాంతంలో ఏ కాలంలోనూ ఎవరూ పస్తుండిన దాఖలాలు లేవని రాశారు. ఆ ముక్క పేపర్లో వచ్చింది. కుళ్లాయప్ప అద్దాలు లేకుండానే చదివాడు.

చదివి పేపరు మడిచి, ఇత్తడి డబ్బా తెరిచాడు. మొలతాడుకు అంటుకున్న లక్కను గోటితో గీకేశాడు. ముళ్లన్నీ ఒక్కొక్కటే తడిమి చూసుకున్నాడు. ఎద్దులు, తమ్ముడు, చంటిబిడ్డ, అందరూ ఉన్నారు. ఏడో ముడి దాటాక మిగిలిన కొసను రెండు వేళ్ల మధ్య మెలిపెట్టి, జాగ్రత్తగా ఇంకో ముడి వేశాడు.

సుంకమ్మ చూసింది. “ఇదేం ముడి?”

“ఏడు ముళ్లూ వాన రాలేదని పడినాయి,” అన్నాడు కుళ్లాయప్ప. “ఇది ఆసుపత్రికి పోయినామని.”